పెన్న వచ్చిన నాలుగు రోజులు

(నెల్లూరులో ఒక సాయంకాలం మత్స్యకారులు, రైతులు, ఇంజనీరింగు విద్యార్థులు కలిసిన సభలో విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

నెల్లూరులో చేప గురించి మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లో నవ్వారు. పులుసు గురించేమో అనుకున్నారు. మామిడికాయ ముక్క ఎప్పుడు వేయాలి, ఆ పూటే తినాలా, రాత్రంతా ఉంచి మర్నాడు తినాలా అన్న విషయాల్లో నాకంటే పెద్దలు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. నేను గోడల మనిషిని. ముప్పై ఏళ్లకు పైగా ఆనకట్టలు, తూములు, చెరువు నిండితే నీరు పొర్లిపోయే కలుజులు చూసుకుంటూ జీతం తీసుకున్నాను. ఆ గోడల కింద చేప ఏం చేస్తున్నదో ఉద్యోగం దిగిపోయాక గానీ ఆలోచించలేదు. కాబట్టి ఈ ప్రసంగంలో సగం నేను చేసిన తప్పుల లెక్కే.

మాది ఆత్మకూరు వైపు పల్లె. కార్తీకంలో వాయుగుండం పట్టి రెండు రోజులు విడవకుండా కురిస్తే చెరువు నిండి కలుజు పారేది. కలుజు పారుతున్నదన్న కేక వినపడగానే మా నాయన చేపలు పట్టే ఊత తీసుకుని ముందు, నేను గోనెసంచి పట్టుకుని వెనక. కలుజు కింద రాళ్ల మీద పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు ఎగిరి పడుతుండేవి. పడ్డది మళ్లీ ఎగిరేది. ‘చేపలు ఎదురెక్కుతున్నాయి’ అనేవాళ్లం. ఆ మాట నేను వెయ్యిసార్లు అని ఉంటాను. ఎక్కడికి ఎక్కుతున్నాయి అని ఒక్కసారీ అడగలేదు. మా ధ్యాసంతా సంచి మీదే.

అవి పైన ఉన్న కొత్త నీటికి వెళుతున్నాయి. మునిగిన గడ్డి, చెరువు అంచున వెచ్చని లోతులేని నీళ్లు, పిల్లకు తగిన సన్నటి పురుగు, పెద్ద చేపల బెడద తక్కువ. గుడ్డు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ నీరు నెలల తరబడి ఉండదు కాబట్టి తొందర. వాలుగ కూడా అంతే, వరద నీరు తగలగానే కదులుతుంది. వరద వాసన అని మత్స్యకారులు అనే మాట కవిత్వం కాదు. నీటి మట్టం పెరగడం, చల్లబడడం, మట్టి కలిసి రంగు మారడం చేపకు నిజంగానే కబురు చేరవేస్తాయి.

ఇది ఏటిలోనే పుట్టి ఏటిలోనే తిరిగే చేపల సంగతి. సముద్రంతో లావాదేవీ ఉన్నవి వేరే ఉన్నాయి. పండుగప్ప మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఏటిలోకి ఎక్కి పెరుగుతాయి. నీలకంఠ రొయ్య మంచినీటిదే అయినా దాని పిల్లకు మొదటి వారాల్లో ఉప్పు కలిసిన నీరు లేకపోతే బతుకు లేదు. తల్లి గుడ్లను పొట్టకింద మోసుకుంటూ కిందికి దిగుతుంది, వేలెడంత లేని పిల్లలు తిరిగి పైకి నడుస్తాయి. నడుస్తాయి అనే మాట తెలిసే అన్నాను. ఒకప్పుడు ఈ జిల్లాలో చెరువులు తవ్వి ఆ రొయ్యనే పెంచారు. హేచరీల్లో పిల్లల కోసం ఉప్పునీరు కలిపిన చేతులు ఈ సభలోనే ఉండి ఉంటాయి. ఆ పిల్లకు ఉప్పు ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు.

అన్నింటికన్నా వింత మలుగుపాము. పేరుకు పాము గానీ చేపే. పుట్టేది లోతు సముద్రంలో. మొదట వేపాకులా పలచగా ఉంటుంది, తీరానికి వచ్చేసరికి గాజు పుల్లలా మారి, ఏటిలోకి ఎక్కి నల్లబడుతుంది. ఏళ్లతరబడి మన మడుగుల్లో, బావుల్లో, రాతి సందుల్లో పెరిగి, ఒకనాటి వరద రాత్రి మళ్లీ సముద్రానికి బయల్దేరుతుంది. వెళ్లింది తిరిగి రాదు. అక్కడే గుడ్లు పెట్టి చనిపోతుంది. అంటే దానికి ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి, రెండూ కావాలి.

ఇక మన ఏరు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నకు, దారిలో ఎక్కువ భాగం వాన చాలని నేలే. ఏప్రిల్‌లో ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు తోడుకున్నవాళ్లం మనం. అదే ఏటికి 2021 నవంబరులో సోమశిల దగ్గర ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వారం అది. ఒకే ఏటిలో చెలమా, ఐదు లక్షల క్యూసెక్కులూ! యూరపు పుస్తకాల్లో నది అంటే ఏడాదంతా నిండుగా పారేది. మన నది రోజుల లెక్కన పారుతుంది. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, ప్రకాశం జిల్లా వాగులన్నీ ఇదే కోవ.

అందుకే నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒకటే. మన ఏటిలో చేపకు దారి అంటే ఏడాది పొడవునా తెరిచి ఉంచే దారి కాదు. వరద ఎక్కే రోజులు కొన్ని, తగ్గే రోజులు కొన్ని. ఆ రోజుల్లో పనిచేయని దారి మిగతా పదకొండు నెలలు ఎంత అందంగా ఉన్నా దండగ.

సముద్రం నుంచి వచ్చే చేపకు ముందుగా తగిలే గోడ నెల్లూరు, తర్వాత సంగం, ఆపైన సోమశిల. నెల్లూరు ఆనకట్ట పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో వచ్చింది, సంగం ఆనకట్ట 1880లలో. ఆ రెండు చోట్లా పాత కట్టడాల స్థానంలో కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. మన డెల్టాకు అన్నం పెట్టినవి అవే, వాటిని ఆడిపోసుకోవడానికి నేను రాలేదు. ఈ నోటితో ఆ నీటి అన్నమే తిన్నాను. కానీ గోడ కట్టిన తొలి రోజుల్లోనే ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారని గుర్తుచేయాలి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే మన మంచినీటి చేపల మీద 1873లో ఇచ్చిన నివేదికలో, ఆనకట్టల కింద చేపలు ఆగిపోయి వలల పాలవుతున్నాయని, వాటికి దారి విడవాలని రాశాడు. నూట యాభై ఏళ్లు దాటింది. ఫైలు ఇంకా పరిశీలనలో ఉన్నట్టుంది. (నవ్వులు)

గోడ ఎత్తుకూ చేప బలానికీ ఉన్న లెక్క చెబుతాను. పిల్లలూ, మీకు తెలిసిన సూత్రమే, కానీ మీటర్లు వదిలేసి మన కొలతల్లో చూద్దాం. నీరు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత వేగం. బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు ఎత్తు దిగితే సెకనుకు మీటరు పైచిలుకు, 1.2 అనుకోండి. జానెడు దిగితే 2.1. మూరెడు దిగితే 3. నిలువెత్తు దిగితే 6కు దగ్గర. చేప వైపు లెక్క ఏమిటంటే, ప్రాణం పెట్టి ఈదితే కొన్ని క్షణాలపాటు సెకనుకు తన ఒంటి పొడవుకు పది రెట్లు పోగలదు. ఇది ఉజ్జాయింపు, జాతిని బట్టి మారుతుంది. జానెడు చేప సెకనుకు రెండు మీటర్లు. అంటే జానెడు మెట్టు నీటికి ఎదురు పోతే ఉన్నచోటే ఉంటుంది! రెక్కలు కొట్టుకుంటూ, అలిసిపోతూ. మేం ఆనకట్టల కింద మూరెడు, రెండు మూరల మెట్లు కట్టి, నీరు నెమ్మదిగా దిగుతున్నదని ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. వేలెడు పరిగెకు బెత్తెడు మెట్టు కూడా కొండే. దానికి గరుకు రాళ్ల మధ్య ఆగి ఆగి పోయే వాలు కావాలి.

ఈ లెక్క తెలియక దెబ్బతిన్నది మనం ఒక్కళ్లమే కాదు. ఆస్ట్రేలియాలో మర్రీ అనే పెద్ద నది ఉంది. మన పెన్నలాగే ఒక ఏడు పొంగుతుంది, ఒక ఏడు ఎండుతుంది. దాని మీద వరసగా ఆనకట్టలు కట్టారు. 1930లలో ఒకచోట చేపల మెట్లు కూడా కట్టారు. నమూనా ఎక్కడి నుంచి తెచ్చారు? చల్లటి దేశాల సాల్మన్ చేపల కోసం కట్టిన మెట్ల నుంచి. సాల్మన్ గజ ఈతగత్తె, ఎగిరి దూకుతుంది. ఆస్ట్రేలియా చేపకు ఆ విద్య లేదు. మెట్లు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, ఎక్కే చేప లేదు. 1991లో టొరంబరీ అనేచోట వేరే పద్ధతిలో కట్టారు. తొట్లు వరసగా, తొట్టికీ తొట్టికీ మధ్య గోడలో అడుగు నుంచి పైదాకా నిలువుగా ఒక చీలిక. మట్టం పెరిగినా తగ్గినా ఆ చీలికలో నీరు ఉంటుంది, అడుగున పోయే చేప అడుగున, పైన పోయేది పైన. మట్టాలు ఊగిసలాడే నదికి ఆ నిలువు చీలికే ప్రాణం. మెట్టు మీద నుంచి దుమికే పాత పద్ధతిలో మట్టం మూరెడు మారితే ఆట ముగిసినట్టే. ఆ తర్వాత అక్కడివాళ్లు సముద్రం నుంచి హ్యూమ్ ఆనకట్ట దాకా, రెండు వేల కిలోమీటర్లకు పైగా, గోడ గోడకూ దారి పెట్టుకుంటూ పోయారు. చేప ఒంట్లో బియ్యపు గింజంత చిప్ పెట్టి, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో లెక్క రాసుకున్నారు. కట్టాక లెక్క చూసుకోవడం మన శాఖకు పెద్దగా అలవాటు లేని పని. అందుకే అది నాకు కట్టడం కన్నా గొప్పగా కనిపించింది.

మన దేశంలో అనుభవం లేదా అంటే, చేదుది ఉంది. గంగలో ఇలస ఒకప్పుడు అలహాబాదు దాకా ఎదురెక్కేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పైవాళ్లకు ఆ చేప కథల్లో మిగిలింది. మన గోదావరి వాళ్లు పుస్తెలమ్మి తింటామనే పులస అదే. వరద నీటికి సముద్రం నుంచి వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగుతుంది. అక్కడ ఆగుతుంది కాబట్టి అక్కడ దొరుకుతుంది, దొరుకుతుంది కాబట్టి అంత పేరు. గోడ కింద దొరికే చేపను చూసి ఏటిలో చేప ఎక్కువగా ఉందనుకోవడం, బస్టాండులో జనాన్ని చూసి ఊరు పెరిగిందనుకున్నట్టు ఉంటుంది.

సోమశిల మాట తేల్చేస్తాను. 78 టీఎంసీల జలాశయం. దానికి చేపల మెట్లు పెట్టమని నేను అడగను. అంత ఎత్తు ఎక్కాక చేపకు ఎదురయ్యేది నిలవ నీరు. ప్రవాహం లేని చోట ఎటు పోవాలో దానికి తెలియదు, వరదలో కొట్టుకురావాల్సిన గుడ్డూ పిల్లా అడుగుకు చేరి చనిపోతాయి. ఆపైన ఆదినిమ్మాయపల్లె, మైలవరం, గండికోట గోడలు. ఆ పోరాటం ఓడిపోయాం, ఒప్పుకుందాం. కానీ సముద్రం నుంచి సోమశిల కింది దాకా ఉన్న ఏటికి రెండే గోడలు. ఆ రెండూ గేట్లు ఉన్న గోడలు. ఇక్కడ ఆశ ఉంది.

గేట్ల గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఇది నా సొంత వ్యవహారం. గేటు కొద్దిగా ఎత్తితే నీరు కింది నుంచి చిమ్ముతుంది. పైనా కిందా మట్టాల తేడా మూడు మీటర్లుంటే ఆ చిమ్ముడు వేగం సెకనుకు ఏడు మీటర్లు దాటుతుంది. తిమింగలం పిల్లను తెచ్చినా ఎదురెక్కదు. కిందికి దిగే పిల్లలకు ఇంకా కష్టం. సన్న పిల్లలు గేటు కింద నుంచి పోయినప్పుడు, పైనుంచి పొర్లి పోయినదానికన్నా ఎక్కువగా చనిపోతాయని ఆస్ట్రేలియాలోనే తేల్చారు. కానీ పెద్ద వరద వచ్చి గేట్లన్నీ నీటి మట్టం దాటి పైకి లేపినప్పుడు, కింద మట్టం కూడా పెరిగి తేడా జానెడుకో బెత్తెడుకో వస్తుంది. ఆ కొన్ని గంటలు బ్యారేజీ ఉన్నా లేనట్టే. ఆ గంటల్లో ఏరు పాత ఏరు.

ఇక్కడే మేం తప్పు చేస్తాం. వరద తగ్గుతుంటే తొందర. పైన నీరు నిలవాలి, కాలువలకు అందాలి. గేట్లు ఏ వరసలో దించాలన్నదానికి మేం చూసే లెక్కలు గేటు భద్రతవి, కింద కోతవి. వాటిని కాదనను. నేను కూడా ఎన్నోసార్లు ఒడ్డు గేట్లు ముందు దించి, మధ్యవి చివర దించాను. చేప ఎక్కడ పోతుంది? నది మధ్య ఉరవడిలో పోదు, ఒడ్డు వెంట, వేగం తగ్గిన అంచు వెంట పోతుంది. ఎక్కిన చేప ఒడ్డున మూసిన గేటు ముందు తల కొట్టుకుంటుంది, తెరిచి ఉన్న గేటు అర కిలోమీటరు అవతల. పైగా నీరు జర్రున తగ్గితే కింద గుంటల్లో చిక్కుకుంటుంది. మర్నాడు పొద్దున ఆ గుంటల దగ్గర జాతర. ఆ జాతరలో నేనూ బుట్ట తెచ్చుకున్నాను, దాచడం ఎందుకు.

అడిగేది ఇది. భద్రత అనుమతించినంతవరకు మధ్య గేట్లు ముందు దించండి, ఒడ్డున ఒకటి రెండు గేట్లు ఆఖరున, మెల్లగా దించండి. చేపల దారి అంటూ ఒకటి కట్టే రోజు వస్తే దాని నోరు కూడా ఆ ఒడ్డునే, గోడకు ఆనుకుని ఉండాలి. దూరంగా పెడితే చేప దాన్ని దాటేసి గోడ దగ్గరకే పోయి నిలబడుతుంది. నోటి నుంచి వచ్చే నీటి చప్పుడు పక్క గేటు హోరులో మునిగిపోకూడదు. నిలువు చీలికల పద్ధతిలో నాలుగు మీటర్లు ఎక్కించాలంటే జానెడు మెట్లయితే పద్దెనిమిది తొట్లు చాలు, బెత్తెడు మెట్లయితే యాభై మూడు కావాలి. కాంట్రాక్టు ఇచ్చేవాళ్లు పద్దెనిమిదే చూస్తారు. విద్యార్థులారా, రేపు ఆ కాగితం మీ ముందుకు వస్తే యాభై మూడు దగ్గర పట్టుబట్టండి. కుదరకపోతే అసలు కట్టవద్దనండి. ఎక్కలేని మెట్లు ఉండటం లేకపోవడం కన్నా చెడ్డది, పని అయిపోయిందని అందరూ అనుకుంటారు.

నా పెద్ద తప్పు ఇంకా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఆనకట్ట నా కింద ఉండేది. పాత రాతి గోడ, పాచి పట్టి, ఒక మూల నుంచి ఎప్పుడూ సన్నగా నీరు కారుతూ ఉండేది. ఒక రాత్రి టార్చిలైటు పట్టుకుని వెళితే ఆ తడి గోడ మీద వానపాముల్లాంటివి వందలు, గోడకు అతుక్కుని పైకి పాకుతున్నాయి. వాటి పక్కన సన్న రొయ్యలు. వాచరు ‘మలుగు పిల్లలు సార్, ఏటా వస్తాయి’ అన్నాడు. నేను చూసింది వేరు. గోడ కారుతున్నది! ఎస్టిమేటు వేశాను, పాచి గీకించాను, నున్నగా ప్లాస్టరింగ్ చేయించాను. పని బాగుందని మెచ్చుకున్నారు, బిల్లు కూడా పాసైంది. మరుసటి ఏడు వాచరు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

న్యూజిలాండులో ఇలాంటి చోట్ల ఏం చేస్తారో ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. అక్కడ సముద్రపు ఆల్చిప్పలు పెంచడానికి వాడే, పీచు పీచుగా ఉండే తాళ్లు ఉంటాయి. వాటిని రోడ్ల కింది తూముల్లో, గోడల మీద వేలాడదీస్తారు. తాడు తడిగా ఉంటే చాలు, మలుగు పిల్లలు, రొయ్య పిల్లలు దాన్ని పట్టుకుని ఎక్కిపోతాయి. యాభై మూడు తొట్ల ఖర్చు ఎక్కడ, తాడు ఖర్చు ఎక్కడ! కోటేశ్వరుడి పథకం అక్కరలేదు. మన చెరువుల కలుజులకు, చిన్న ఆనకట్టలకు కొబ్బరి పీచు తాడు కట్టి చూడమని నేను అడుగుతున్నాను. కలుజు ఏప్రను, అంటే గోడ కింద నీరు పడే చప్టా, దాని కింద మూరెడు మెట్టు తేలి ఉంటే, అక్కడ అడ్డదిడ్డంగా రాళ్లు పేర్చి, ఒక పక్క వాలుగా చేస్తే పరిగె, జెల్ల ఎక్కుతాయి. రాళ్ల వాలు అటూ ఇటూ ఎత్తు తేడాతో ఉండాలి, నీరు ఎంత పారినా ఏదో ఒక అంచున చేపకు తగిన పలచటి నీరు ఉండేలా. ఇది తాపీమేస్త్రీకి చెప్పి చేయించగల పని.

మొగ గురించి రెండు మాటలు. గోడలన్నీ మనిషి కట్టినవే కావు. ఏరు పారని నెలల్లో ఇసుక మేట మొగను మూస్తుంది, అది కూడా ఆనకట్టే. పులికాట్‌లో రాయదొరువు ముఖద్వారం పూడిక గురించి మత్స్యకారులు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారో మీకు తెలుసు. పైన ప్రతి చుక్కా ఆపితే కింద మొగను కడిగే నీరు ఉండదు. సముద్రంలోకి పోయిన నీరు వృథా అని మనం పేపర్లో చదువుతాం. వృథా లెక్క కట్టేటప్పుడు రొయ్య పిల్లను కూడా సాక్షిగా పిలవండి.

జలాశయాల్లో ఏటా బొచ్చె, రాగండి పిల్లలను వదులుతున్నారు కదా, ఇంకేం కావాలి అని కొందరు అడుగుతారు. వదలాలి, దానితో కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ మలుగు పిల్లను ఏ హేచరీలోనూ గుడ్డు నుంచి పెంచి సంచిలో పోసి ఇవ్వడం లేదు. అది తనంతట తాను రావలసిందే.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. మీరు అడగండి.

(ఒక మత్స్యకారుడు: అయ్యా, గేటు కింద వల వేయవద్దంటారా? ఏడాదికి మాకు దొరికేదే ఆ నాలుగు రోజులు.)

వద్దనను. నా నోట ఆ మాట వస్తే ఆ గోనెసంచి నన్ను నిలదీస్తుంది. ఒడ్డు గేటు ఆఖరున దించుతామని శాఖ ఒప్పుకుంటే, ఆ ఒక్క గేటు ముందు, ఆ ఒక్క మూలలో, గేటు తెరిచి ఉన్నంతసేపు వల వేయకుండా ఉండగలరా? మిగతా ఏరంతా మీదే.

(మత్స్యకారుడు: ముందు గేటు సంగతి తేల్చమనండి. మూల సంగతి మేం కూర్చుని మాట్లాడుకుంటాం.)

న్యాయమే. ఆ మాట శాఖ వాళ్ల చెవిన వేస్తాను. వెనక ఎవరో చెయ్యి ఎత్తారు, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: పీచు తాడు నీళ్లలో కుళ్లిపోదా సార్?)

కుళ్లుతుంది. కానీ కొబ్బరి పీచు మిగతా నారలకన్నా ఓర్చుకుంటుంది, ఒక వానకాలం ఆగితే మనకు చాలు. ఏటా వాయుగుండాలు మొదలయ్యే ముందు కొత్తది కట్టాలి. పైకొస నీటిలో ఉండాలి, లేకపోతే తాడు ఎండి పిల్ల సగంలో చస్తుంది. నడుమ గోడకు అక్కడక్కడా బిగించాలి, వరదకు ఎగిరిపోకుండా. రాత్రి వెళ్లి చూడు, పగలు ఏమీ కనపడదు. టార్చి ముందు ఎర్ర కాగితం కట్టుకో, వెలుతురు పడితే అవి ఆగిపోతాయి. ఎన్ని ఎక్కాయో ఒక నోటుబుక్కులో రాసి, తేదీ వేసి, ఆనాటి నీటి మట్టం కూడా పక్కనే రాయి.